పదో మనిషి, ఇరవయ్యో మనిషి: కొత్తవారిని పనిలోకి తీసుకునే చిన్న యజమానులకు

చిన్న సంస్థలో కొత్త మనిషిని పెట్టుకునేటప్పుడు యజమాని చూసేవి సాధారణంగా రెండే: పని వచ్చా, జీతం ఎంత అడుగుతున్నాడు. చట్టం చూసేవి వేరే రెండు ఉన్నాయి. ఆ రోజుకు సంస్థలో ఎంతమంది పనిచేస్తున్నారన్నది ఒకటి, కొత్త మనిషి సరిగ్గా ఏ తేదీన పనిలో అడుగుపెట్టాడన్నది మరొకటి. తరువాత తనిఖీలో గాని, కోర్టులో గాని, ప్రమాదం జరిగినప్పుడు గాని తలెత్తే ప్రశ్నల్లో చాలావరకు ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో దుకాణం, కార్యాలయం, క్లినిక్, హోటల్, చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ వంటివి నడుపుతున్నవారిని దృష్టిలో పెట్టుకుని, ప్రకటన ఇచ్చిన నాటి నుంచి మొదటి నెల జీతం చెల్లించే వరకు చేయవలసిన పనులను ఇక్కడ వివరిస్తున్నాను. కర్మాగారాలకు, గనులకు అదనపు నిబంధనలు ఉంటాయి కనుక వాటి జోలికి పోవడం లేదు.

ఒక నేపథ్యం చెప్పుకోవాలి. 29 కేంద్ర చట్టాలను కలిపి రూపొందించిన నాలుగు కార్మిక కోడ్‌లు, అంటే వేతనాల కోడ్, పారిశ్రామిక సంబంధాల కోడ్, సామాజిక భద్రత కోడ్, వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. అయితే దుకాణాలు, సంస్థల చట్టం రాష్ట్రాలది. ఆంధ్రప్రదేశ్‌లో 1988 నాటి చట్టం ఉంది, తెలంగాణ అదే చట్టాన్ని తన పేరుతో కొనసాగిస్తోంది. కోడ్‌లు వచ్చాయి కాబట్టి ఆ చట్టం కింద తీసుకునే లేబర్ లైసెన్సుతో ఇక పని లేదని కొందరు అనుకుంటున్నారు, అది పొరపాటు. సంస్థ ప్రారంభించిన 30 రోజుల్లోగా ఆ చట్టం కింద నమోదు చేయించుకోవాలన్న నియమం అలాగే ఉంది.

ముందు తలలు లెక్కపెట్టుకోవాలి

పది మంది ఉన్న సంస్థకు ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల వైద్య, ప్రమాద బీమా పథకం, వర్తిస్తుంది. ఇరవై మంది ఉన్న సంస్థకు భవిష్య నిధి, అంటే పీఎఫ్, వర్తిస్తుంది. ఈ రెండు అంకెలు తెలియని యజమాని లేడు. ఎవరిని లెక్కపెట్టాలో తెలిసినవారు మాత్రం తక్కువ. జీతం ఎక్కువ కాబట్టి పథకం పరిధిలోకి రాని మేనేజరు సైతం తలల లెక్కలో ఉంటాడు. ఏజెన్సీ ద్వారా వచ్చే సెక్యూరిటీ గార్డు, హౌస్‌కీపింగ్ మనిషి కూడా లెక్కలోకి వస్తారు. అమీర్‌పేటలో ఎనిమిది మంది, కూకట్‌పల్లి శాఖలో పన్నెండు మంది ఉంటే, పీఎఫ్ దృష్టిలో అది ఇరవై మంది ఉన్న ఒకే సంస్థ. రెండు శాఖలకు రెండు పేర్లతో బోర్డులు పెట్టి, ఒకే యజమాని, ఒకే ఖాతా పుస్తకాలతో నడిపే ఏర్పాటు తనిఖీలో నిలబడడం కష్టం.

ఒకసారి ఈ పథకాలు వర్తించిన తరువాత మనుషులు తగ్గినా అవి కొనసాగుతాయన్న సంగతి ఇంకా ముఖ్యం. పండుగ సీజనుకని బట్టల షాపులో రెండు నెలలకు నలుగురిని అదనంగా పెట్టుకుంటే, ఆ నలుగురిలో ఒకరు పదో మనిషి అయితే, సంక్రాంతి తరువాత వాళ్లు వెళ్లిపోయినా ఈఎస్‌ఐ బాధ్యత వెళ్లిపోదు. అందువల్ల ఎనిమిది, తొమ్మిది మంది దగ్గర, పద్దెనిమిది, పంతొమ్మిది మంది దగ్గర ఉన్న యజమాని తరువాతి మనిషిని తీసుకునే ముందే నమోదు పని మొదలుపెట్టడం మేలు. సంఖ్య పదికి చేరగానే మరొకటి కూడా వచ్చి చేరుతుంది: పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు 2013 నాటి చట్టం కోరే అంతర్గత కమిటీ. దాని గురించి తరువాత చెబుతాను.

ప్రకటన, ఇంటర్వ్యూ

ఉద్యోగ ప్రకటనలో ‘పురుషులు మాత్రమే’ అని రాసే అలవాటు మనకు ఇంకా పోలేదు. ఒకే రకమైన పనికి జీతంలోనూ, నియామకంలోనూ లింగ వివక్ష చూపరాదని వేతనాల కోడ్ చెబుతోంది. చట్టం ఏదైనా పనిలో స్త్రీల నియామకాన్ని నిషేధించినా, పరిమితం చేసినా అది వేరే మాట. పెళ్లి ఎప్పుడు, పిల్లలు ఎప్పుడు అని ఇంటర్వ్యూలో అడిగి, ఆ కారణంతో తిరస్కరించినట్లు ఒక వాట్సాప్ సందేశం మిగిలినా యజమాని చిక్కులో పడతాడు. ఉద్యోగం ఇవ్వడానికి ముందస్తు షరతుగా హెచ్‌ఐవీ పరీక్ష కోరడాన్ని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం నిషేధించింది. ఆస్పత్రుల ప్యాకేజీల్లో ఉన్న ఉద్యోగ పూర్వ వైద్య పరీక్షలను చూడకుండా సంతకం పెట్టే సంస్థలు ఈ ఒక్క అంశాన్ని సరిచూసుకోవాలి.

వయసు రుజువు అడగడం మాత్రం తప్పనిసరి. 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు, కుటుంబ వ్యాపారంలో సాయం వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప. 14 నుంచి 18 ఏళ్ల మధ్యవారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోకూడదు. 2016 సవరణ తరువాత దీనికి శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. ‘చూస్తే పెద్దవాడిలాగే ఉన్నాడు’ అన్నది సమాధానం కాదు. పదో తరగతి మెమో అడగండి. అది లేనివారి దగ్గర పాఠశాల ధ్రువపత్రం గాని, జనన ధ్రువపత్రం గాని తీసుకోండి. పుట్టిన తేదీకి రుజువుల జాబితా నుంచి ఆధార్‌ను పీఎఫ్ సంస్థ 2024 జనవరిలోనే తొలగించింది.

నియామక పత్రం

పది మంది, అంతకు మించి పనివారున్న సంస్థల్లో ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలని వృత్తి భద్రత కోడ్ ఆదేశిస్తోంది. అంతకన్నా చిన్న సంస్థలు కూడా ఇచ్చి తీరాలని నా అభిప్రాయం. మాట మీద పెట్టుకున్న ఉద్యోగంలో వివాదం వస్తే, ఏమి మాట్లాడుకున్నామో రుజువు చేయలేక ఎక్కువగా నష్టపోయేది యజమానే. పత్రంలో ఉద్యోగి పూర్తి పేరు, హోదా, చేసే పని, పనిచేసే చోటు, చేరే తేదీ, జీతం విడివిడి భాగాలతో సహా, పని గంటలు, వారపు సెలవు, ప్రొబేషన్ కాలం, నోటీసు కాలం, పీఎఫ్, ఈఎస్‌ఐ వర్తిస్తాయా లేదా అన్నవి స్పష్టంగా ఉండాలి. ఇంగ్లీషు రాని ఉద్యోగికి ఇంగ్లీషు పత్రం ఇచ్చి సంతకం పెట్టించుకోవడం కన్నా తెలుగులో ఒక పేజీ రాసి ఇవ్వడం అన్ని విధాలా క్షేమం. ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవారికి వారికి తెలిసిన భాషలో చదివి వినిపించి, అలా వినిపించినట్లు కింద రాయించుకోండి.

జీతం విభజన దగ్గర కొంచెం ఆగాలి. నెలకు 18,000 రూపాయలు ఇస్తూ, మూల వేతనం 6,000 అని, మిగిలిన 12,000 ఇంటి అద్దె, రవాణా, ఇతర భత్యాలు అని చూపించి పీఎఫ్‌ను 6,000 మీదే కట్టే పద్ధతి ఏళ్ల తరబడి సాగింది. అందరికీ ఒకే రీతిన ఇచ్చే భత్యాలను మూల వేతనంలో భాగంగానే చూడాలని 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పుడే ఆ పద్ధతికి కాలం చెల్లింది. ఇప్పుడు కోడ్‌లలోని వేతన నిర్వచనం దాన్ని మరింత బిగించింది: మినహాయింపుకు తగిన భత్యాలన్నీ కలిపినా మొత్తంలో సగానికి మించితే, మించిన భాగాన్ని వేతనంలో కలపాలి. పై ఉదాహరణలో సగం 9,000; భత్యాలు 12,000; మించినది 3,000; కాబట్టి వేతనం 6,000 కాక 9,000 అవుతుంది. ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ వంటి లెక్కలన్నీ దీని మీదే ఆధారపడతాయి. పాత ఉద్యోగుల పత్రాన్ని కాపీ చేసి పేరు మార్చి కొత్తవారికి ఇచ్చే అలవాటు ఉన్నవారు ఆ పత్రాన్ని ఒకసారి తిరగరాయవలసిందే.

అసలు ఆ మొత్తం కనీస వేతనానికి తగ్గకుండా ఉందా అన్నది అంతకన్నా ముందు చూసుకోవాలి. రెండు రాష్ట్రాల్లోనూ పని రకాన్ని, ప్రాంతాన్ని బట్టి కనీస వేతనాలు వేరువేరుగా ఉంటాయి, ధరల సూచీని అనుసరించి ఏప్రిల్, అక్టోబర్ నెలల్లో కరవు భత్యం మారుతుంది. మార్చిలో సరిపోయిన జీతం ఏప్రిల్‌లో తక్కువ పడవచ్చు. ఉద్యోగి ఒప్పుకున్నాడు కదా అనే వాదన ఇక్కడ చెల్లదు.

ఇక బాండ్ల సంగతి. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు, సంతకం పెట్టిన ఖాళీ చెక్కు, వంద రూపాయల స్టాంపు పేపరు తీసుకోవడం హైదరాబాద్ చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థల్లోనూ, ప్రైవేటు విద్యాసంస్థల్లోనూ కనిపిస్తూనే ఉంటుంది. సర్టిఫికెట్లను సరిచూసి, నకళ్లు తీసుకుని, అదే రోజు తిరిగి ఇచ్చేయాలి. వాటిని తాకట్టులా అట్టిపెట్టుకునే హక్కు యజమానికి ఏ కార్మిక చట్టమూ ఇవ్వలేదు. నిర్ణీత కాలం పనిచేయకపోతే ఫలానా మొత్తం చెల్లించాలనే ఒప్పందం దానికదే చెల్లనిది కాదు. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు రెండు లక్షల రూపాయల బాండును 2025 మే నెలలో సుప్రీంకోర్టు సమర్థించింది. అయితే ఆ మొత్తం నియామకానికి, శిక్షణకు అయిన ఖర్చుతో పొంతన ఉండాలి. వారం రోజుల పరిచయ శిక్షణ ఇచ్చి మూడు లక్షలు కట్టమంటే 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద కోర్టు సహేతుకమైన పరిహారమే ఇప్పిస్తుంది. ఉద్యోగం మానేశాక రెండేళ్లు పోటీ సంస్థలో చేరకూడదన్న షరతుకు అదే చట్టం 27వ సెక్షన్ అడ్డుపడుతుంది. అమలు చేయలేని షరతును భయపెట్టడానికి రాసుకోవడంలో నాకు ప్రయోజనం కనిపించదు. మంచి అభ్యర్థి దాన్ని చూసే వెనక్కి పోతాడు.

చేరిన రోజే చేయవలసినవి

ఈఎస్‌ఐ నమోదును నెలాఖరుకు వాయిదా వేయడం అన్నిటికన్నా ఖరీదైన తప్పు. నెలకు 21,000 రూపాయల వరకు, వైకల్యం ఉన్నవారైతే 25,000 వరకు వేతనం ఉన్న ఉద్యోగి ఈ పథకంలోకి వస్తాడు. పనిలో ప్రమాదం జరిగితే వచ్చే ప్రయోజనానికి ఇన్ని రోజులు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు, చేరిన మొదటి గంటలో నిచ్చెన మీద నుంచి పడినవాడికి కూడా అది వర్తిస్తుంది. కానీ ప్రమాదం ఉదయం జరిగి, నమోదు సాయంత్రం జరిగితే ఆ రెండు సమయాల తేడాకు సమాధానం చెప్పుకోవలసినది యజమాని. అందుకే మనిషి పనిలోకి దిగకముందే ఆన్‌లైన్‌లో బీమా సంఖ్య తీసుకుని, కుటుంబ సభ్యుల వివరాలు చేర్చి, ఆ కాగితం అతని చేతికి ఇవ్వాలి. చందా యజమాని వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. 18,000 వేతనానికి ఇవి 585, 135 రూపాయలు. నడిమధ్యలో జీతం పెరిగి 21,000 దాటినా, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి అనే చందా కాలాల్లో ఏది నడుస్తుంటే అది ముగిసేదాకా కోత ఆపకూడదు. పది మందికి తక్కువ ఉన్న సంస్థలో ఈఎస్‌ఐ లేదు కనుక, పని ప్రమాదానికి పరిహారం నేరుగా యజమాని మీదే పడుతుంది. డెలివరీ, కరెంటు, యంత్రాల పనులు చేయించేవారు అందుకు బీమా తీసుకోవాలి.

పీఎఫ్ విషయంలో మొదటి ప్రశ్న: ఇతనికి ఇంతకుముందు యూఏఎన్, అంటే ఉద్యోగాలు మారినా మారని పీఎఫ్ సభ్య సంఖ్య, ఉందా? చేరిన రోజు తీసుకునే స్వీయ ప్రకటన, అంటే ఫారం 11, ఉద్దేశం ఇదే. పాత నంబరు ఉంటే కొత్త సంస్థను దానికే జతచేయాలి, కొత్త నంబరు సృష్టించకూడదు. వేతనం 15,000 దాటి, ఎన్నడూ పీఎఫ్ సభ్యుడు కాని మనిషిని బయట ఉంచవచ్చు. కానీ పాత ఉద్యోగంలో సభ్యుడై, ఆ ఖాతా ఇంకా మూయనివాడిని జీతం ఎక్కువనే కారణంతో బయట ఉంచకూడదు. కావాలంటే చందాను 15,000 మీద లెక్కకట్టి పరిమితం చేసుకోవచ్చు. ఆ లెక్కన ఉద్యోగి వాటా 1,800. యజమాని వాటా 1,800లో 1,250 పింఛను నిధికి, 550 భవిష్య నిధికి పోతుంది, ఇవి కాక డిపాజిట్ అనుబంధ బీమాకు 0.5 శాతం, పాలనా ఖర్చులకు 0.5 శాతం యజమాని భరించాలి. యజమాని వాటాను ఉద్యోగి జీతం నుంచి కోయడం నిషిద్ధం. వార్షిక ప్యాకేజీలో ఆ మొత్తాన్ని ఇంటర్వ్యూ నాడే కలిపి చూపించడం వేరు, ఒప్పుకున్న జీతం లోంచి చేరాక తగ్గించడం వేరు.

కొత్తవారికి యూఏఎన్ ఇప్పుడు ఉమంగ్ యాప్‌లో ఆధార్ ముఖ గుర్తింపుతో తీసుకోవాలి. ఇక్కడే మన పేర్లతో చిక్కు వస్తుంది. ఆధార్‌లో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, పదో తరగతి మెమోలో పొడి అక్షరమే ఉంటుంది, పాన్ కార్డులో ఇంటిపేరు చివరికి పోతుంది. ‘వెంకట’ ఒకచోట విడిగా, మరొకచోట తరువాతి పేరుతో కలిసి ఉంటుంది. ‘లక్ష్మి’ని ఇంగ్లీషులో రాసే తీరు కార్డుకో రకం. పెళ్లయిన ఆడపిల్ల బ్యాంకు ఖాతాలో పుట్టింటి పేరు, ఆధార్‌లో మెట్టినింటి పేరు ఉండడం మామూలే. ఈ తేడాలు చేరిన రోజు ఎవరికీ కనిపించవు. ఐదేళ్ల తరువాత కూతురి పెళ్లికి డబ్బు తీసుకోబోతే దరఖాస్తు తిరిగి వస్తుంది, ఉమ్మడి దిద్దుబాటు పత్రం కోసం ఉద్యోగి మళ్లీ మన దగ్గరికే వస్తాడు. కాబట్టి ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిపోల్చి, తేడా ఉంటే మొదటి వారంలోనే సరిచేయించుకోమని చెప్పండి. నామినీ వివరాలు కూడా అప్పుడే పూర్తి చేయించండి. ఈ పనికి పట్టేది అరగంట.

ఏడు, పది, పదిహేను

మొదటి జీతం నాటికి మూడు తేదీలు గుర్తుంటే చాలు. తరువాతి నెల ఏడో తేదీలోగా జీతం చెల్లించాలి, జీతంలో కోసిన ఆదాయపు పన్నును జమచేయడానికి కూడా, మార్చి నెల తప్ప, అదే గడువు. పదో తేదీకి వృత్తి పన్ను: నెల జీతం 15,000 దాకా ఏమీ లేదు, 15,001 నుంచి 20,000 దాకా 150 రూపాయలు, ఆపైన 200. పదిహేనో తేదీకి పీఎఫ్, ఈఎస్‌ఐ. ఆదాయపు పన్ను కోతకు సంస్థకు టాన్ నంబరు ఉండాలి. ఉద్యోగి ప్రత్యేకంగా కోరకపోతే కొత్త పన్ను విధానమే వర్తిస్తుంది కనుక, ఏది కావాలో చేరేటప్పుడే రాయించుకోండి. కార్మిక సంక్షేమ నిధికి ఏడాదికోసారి కట్టే మొత్తం చాలా చిన్నది, అందుకే అందరూ మరిచిపోతారు. జీతంతోపాటు వేతన చీటీ ఇవ్వాలి. ఆలస్యమైందనో, వస్తువు పగిలిందనో ఇష్టం వచ్చినట్లు కోయడానికి వీల్లేదు. జరిమానాల మొత్తం ఆ నెల వేతనంలో 3 శాతానికి మించకూడదు, ఏయే తప్పులకు జరిమానా ఉంటుందో ముందే నోటీసు పెట్టి ఉండాలి.

అంతర్గత కమిటీకి అధ్యక్షురాలిగా సంస్థలోని సీనియర్ ఉద్యోగిని, సభ్యుల్లో కనీసం సగం మంది స్త్రీలు, బయటి నుంచి ఒక సభ్యుడు లేదా సభ్యురాలు ఉండాలి. కమిటీ వేయకపోతే 50,000 రూపాయల దాకా జరిమానా. దాని సభ్యుల పేర్లు కొత్త ఉద్యోగికి మొదటి రోజే తెలియజేయండి. ప్రసూతి ప్రయోజనాల గురించి, అంటే మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల వేతన సెలవు వంటివాటి గురించి, చేరే ప్రతి మహిళకూ రాతపూర్వకంగా తెలియజేయాలన్న నియమం 2017 సవరణతో వచ్చింది. నియామక పత్రంలో ఒక పేరా చేరిస్తే సరిపోయే ఈ పనిని ఎంతోమంది చేయరు.

పేరు మార్చినంత మాత్రాన

‘ట్రైనీ’ అని రాస్తే పీఎఫ్ ఉండదనుకోవడం మన దగ్గర బలంగా పాతుకుపోయిన నమ్మకం. మినహాయింపు 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద తీసుకున్న అప్రెంటిస్‌లకు ఉంది. ఒప్పందం పోర్టల్‌లో నమోదై, స్టైపెండు నిర్ణీత స్థాయిలో ఉండాలి. ఉదయం తొమ్మిదికి వచ్చి, అందరిలాగే పనిచేసి, సెలవుకు అనుమతి అడిగే మనిషిని ‘ట్రైనీ’ అన్నా, ‘కన్సల్టెంట్’ అన్నా అధికారి చూసేది పనిని, అతని మీద ఎవరి అజమాయిషీ ఉందన్నదాన్ని. నిర్ణీత కాల నియామకం చట్టబద్ధమైన మార్గం. అయితే అలాంటి ఉద్యోగికి ఏడాది పూర్తయితే గ్రాట్యుటీ దామాషాలో ఇవ్వాలని సామాజిక భద్రత కోడ్ చెబుతోంది, మామూలు ఉద్యోగుల్లా ఐదేళ్ల నిరీక్షణ అతనికి లేదు. ఏజెన్సీ ద్వారా మనుషులను తెచ్చుకుంటే, ఆ ఏజెన్సీ జీతం ఎగ్గొట్టినా, పీఎఫ్ ఎగ్గొట్టినా చివరికి మన దగ్గరికే వస్తారు కనుక, గత నెల చలాన్ల నకళ్లు చూపిస్తేనే ఈ నెల బిల్లు చెల్లిస్తామన్న షరతు ఒప్పందంలో పెట్టుకోండి.

సక్రమంగా నమోదు చేసేవారికి ప్రస్తుతం కొంత సొమ్ము తిరిగి వచ్చే వీలుంది. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జూలై 31 మధ్య కల్పించిన కొత్త ఉద్యోగాలకు ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన కింద, అదనంగా తీసుకున్న ఒక్కొక్కరికీ వేతనాన్ని బట్టి నెలకు 3,000 రూపాయల దాకా రెండేళ్లపాటు యజమానికి చెల్లిస్తారు. 50 మందిలోపు ఉన్న సంస్థ కనీసం ఇద్దరిని, 50 మంది, అంతకుమించి ఉన్న సంస్థ కనీసం ఐదుగురిని అదనంగా తీసుకుని ఆరు నెలలు కొనసాగించాలి. మొదటిసారి పీఎఫ్‌లో చేరిన ఉద్యోగికి విడిగా 15,000 దాకా రెండు వాయిదాల్లో వస్తుంది. దీనికి ఆధారం నెలనెలా వేసే పీఎఫ్ రిటర్నులే; ఆలస్యంగా నమోదు చేసినవాడికి ఆ నెలలు పోయినట్లే.

చివరగా, చేరిన పది రోజులకే చెప్పాపెట్టకుండా మానేసేవారు ఉంటారు. ఫోను ఎత్తడం లేదని వారి కాగితాలను పక్కన పడేయకండి. పనిచేసిన ఆ పది రోజుల జీతం ఇవ్వవలసిందే. ఉద్యోగి రాజీనామా చేసినా, తొలగించినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలని వేతనాల కోడ్ నిర్దేశించింది. ఆ నెల పీఎఫ్, ఈఎస్‌ఐ రిటర్నుల్లో ఆ పది రోజులకు చందా కట్టి, పోర్టల్‌లో మానేసిన తేదీ నమోదు చేయండి. ఆ తేదీ నమోదు కాకపోతే అతని పాత ఖాతాలోని డబ్బు కొత్త సంస్థకు బదిలీ కావడంలో చిక్కు వస్తుంది, మీ జాబితాలోనేమో లేని మనిషి ఒకడు ఉన్నట్లే కనిపిస్తాడు.